వాహన విజ్ఞానం: ఘాట్ రోడ్డుపై ఊపిరి చాలని టర్బో

గత సంచికలో బ్యాటరీ సంరక్షణను గురించి వివరించాము. ఈ పర్యాయం టర్బో డీజిల్ కార్ల యజమానులను మిక్కిలి కలవరపెట్టే ఒక రుగ్మతను పరిశీలిద్దాము. కారు ఉన్నట్లుండి శక్తిని కోల్పోవడం, కొంతసేపటికి ఏమీ ఎరుగనట్లు మామూలు స్థితికి రావడం దీని లక్షణం.

ఈ అనుభవం మాకు కేశ్‌కాల్ ఘాట్‌లో ఎదురైంది. దసరా సెలవులకు రాయ్‌పూర్ నుండి జగ్దల్‌పూర్ మీదుగా విజయనగరానికి సకుటుంబంగా బయలుదేరాము. కాంకేర్ దాటి ఘాట్ ఎక్కుతూ, ముందున్న లారీని దాటబోయాము. ఘాట్‌లో అట్లు దాటబూనడం మా పొరపాటే. సరిగ్గా ఆ క్షణాన యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు పుంజుకోలేదు. ఎదుటి మలుపులో మరొక లారీ కనిపించింది. వెంటనే వేగం తగ్గించి, తిరిగి మొదటి లారీ వెనుకకు చేరుకున్నాము. ఘాట్ పైన ఇంజనును ఒక నిమిషం ఐడ్లింగులో ఉంచి ఆపివేశాము. మళ్ళీ స్టార్టు చేయగా కారు నిక్షేపంగా నడిచింది.

రాయ్‌పూర్‌కు తిరిగివచ్చి ఒక వర్క్‌షాపులో చూపించాము. ఊరిలో నడిపి చూసినంతసేపూ ఏ లోపమూ బయటపడలేదు. అయినను టర్బో మార్చవలెనని రూ. 60,000 అంచనా వేశారు. మేము అంగీకరించలేదు. లోపాన్ని కనుగొనకుండా భాగాలను మార్చడం చికిత్స కాదు, ఊహ మాత్రమే.

టర్బో పని సులభంగానే బోధపడుతుంది. ఇంజను నుండి వెలువడే పొగ వేగంతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుపై ఉన్న రెండవ చక్రం గాలిని ఒత్తిడితో ఇంజనులోనికి పంపుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీని పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఊదుడు కొలిమికి గాలి తగ్గితే ఎంత కోకు వేసినా ప్రయోజనం ఉండదు కదా! ఇంజను సంగతీ అంతే. గాలి ఒత్తిడి ఉండవలసినంత లేదని గ్రహించిన కంప్యూటరు, ఇంజను రక్షణకై శక్తిని కుదించివేస్తుంది. దీనినే ‘లింప్ మోడ్’ అంటారు. అనేక కార్లలో తాళంచెవి తిప్పి ఆపి, మళ్ళీ స్టార్టు చేస్తే ఈ కట్టడి తాత్కాలికంగా తొలగుతుంది.

కనుక మొదట సాక్ష్యాలను సేకరించాము. స్కానరులో ‘పి 0299’ అనే సంకేతం నమోదై ఉంది. గాలి ఒత్తిడి చాలలేదని దాని అర్థం. వెనుక సీటులోని మా అమ్మాయి నల్లని పొగను గమనించింది. మా శ్రీమతి, “కారు ఆగిపోబోయే ముందు కుక్కరు ఆవిరి వదిలినట్లు ‘స్స్’మని చప్పుడు వచ్చిందండీ” అని జ్ఞాపకం చేశారు. ఆ మాటే అసలు దారి చూపింది. ఇంటర్‌కూలరుకు వెళ్ళే రబ్బరు గొట్టం అడుగుభాగాన, క్లాంపు ప్రక్కన నూనె మరక కనిపించింది. గొట్టాన్ని విప్పి వంచగా సన్నని చీలిక తెరుచుకున్నది. మామూలు నడకలో అది మూసుకొనే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒత్తిడికి విచ్చుకుంటుంది. క్రొత్త గొట్టానికి రూ. 1,800 అయింది. అటుపిమ్మట అదే ఘాట్‌ను నిండు బరువుతో ఎక్కి పరీక్షించాము.

పాఠకులు ఈ క్రింది గుర్తులను జ్ఞాపకం ఉంచుకొనగలరు.

నల్లని పొగతో శక్తి తగ్గితే గాలి మార్గాన్ని పరిశీలించవలెను. సిల్తరా, ఉర్లా ప్రాంతాలకు నిత్యం వెళ్ళివచ్చేవారు అచ్చటి ధూళి దృష్ట్యా ఎయిర్ ఫిల్టరును పుస్తకంలో చెప్పిన గడువుకు ముందే చూసుకొనడం మేలు.

పొగ లేకుండా, ఎక్కువ వేగంలోనే బలహీనపడితే డీజిల్ ఫిల్టరును, ట్యాంకులోని జల్లెడను అనుమానించవలెను.

నీలి పొగతో పాటు ఇంజను ఆయిల్ తరుగుతుంటే టర్బోను తప్పక పరీక్షింపజేయవలెను.

2020 ఏప్రిల్ తర్వాతి బి.ఎస్. 6 కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఊరిలో కొద్ది దూరాలే తిరిగితే అది పూడుకొనిపోయే అవకాశం ఉన్నది. దాని హెచ్చరిక దీపాన్ని ఉపేక్షించరాదు.

లోపం కనిపించిన క్షణంలోని గేరు, వేగం, బరువు, పొగ రంగు, చప్పుడు వ్రాసి ఉంచుకొనండి. మెకానిక్కుకు ఆ కాగితం చేతికిస్తే సగం రోగనిర్ణయం జరిగినట్లే. కారణం తేలేవరకు మాత్రం ముందున్న వాహనాన్ని దాటే సాహసం వలదు.