ఈహెచ్‌ఎస్ ఉన్నా ఇంకో పాలసీ ఎందుకు?

పల్నాడులో ప్రభుత్వ కొలువు చేసి రిటైరైనవారికి ఉద్యోగుల ఆరోగ్య పథకమైన ఈహెచ్‌ఎస్ కార్డు పెద్ద భరోసా. అయితే చేతి డబ్బు లేకుండా వైద్యం అందేది పథకంలో చేరిన ఆస్పత్రుల్లోనే. మాచర్ల, గురజాల నుంచి పెద్ద జబ్బుకు గుంటూరో హైదరాబాదో వెళ్లి బయటి ఆస్పత్రిలో చేరితే బిల్లు ముందు మనమే కట్టాలి, తిరిగొచ్చేది ప్యాకేజీ రేటు మేరకే. ఆ తేడాను పూడ్చుకోవడానికి భారీ పాలసీ అక్కర్లేదు, సూపర్ టాప్-అప్ మేలు. మినహాయింపు, అంటే పాలసీ వర్తించే ముందు దాటాల్సిన ఖర్చు, రూ.5 లక్షలనుకుందాం. ఏడాదిలో రెండుసార్లు చేరి మూడేసి లక్షలు ఖర్చయితే ఒక్కో బిల్లునే చూసే మామూలు టాప్-అప్ పైసా ఇవ్వదు, ఏడాది ఖర్చంతా కలిపి చూసే సూపర్ టాప్-అప్ లక్ష ఇస్తుంది.

ఈ వయసులో ప్రీమియం మోయలేమనేవారి మాట కొట్టిపారేయలేం. కానీ మినహాయింపు పెద్దదైతే ప్రీమియం తగ్గుతుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ పోయింది. బీపీ, షుగరు ఉంటే ఇవ్వరన్న భయమూ సగమే నిజం. కంపెనీ కాదనొచ్చు గానీ, ఇచ్చాక పాత జబ్బులకు కవరేజీని మూడేళ్లకు మించి ఆపకూడదని 2024 నిబంధన. అందుకే 62లో రిటైరయ్యేవారు 59లోనే, జబ్బు దాచకుండా పాలసీ తీసుకోవాలి. ఈహెచ్‌ఎస్ చెల్లించిన సొమ్మును మినహాయింపులో లెక్కిస్తారా అన్నది ముందే రాతపూర్వకంగా అడగాలి.