లండను పబ్బులో భోజనం

పబ్బు అనగానే మన పెద్దలు ముఖం చిట్లిస్తారు. అది పబ్లిక్ హౌస్ అన్న మాటకు పొట్టిపేరు. లండనులో సంసారులు పిల్లలతో వచ్చి భోంచేసే చోటు కూడాను. ఫ్లీట్ స్ట్రీటులోని చెషైర్ చీజ్ అనే పబ్బు 1666 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోగా 1667లో మళ్లీ కట్టినది.

అక్కడ చదువుకుంటున్న మా మేనల్లుడు మొదటిరోజు ఒక పబ్బులో అరగంట కూర్చుని, ఎవరూ రాలేదని లేచి వచ్చేశాడట. చాలా పబ్బుల్లో మనమే కౌంటరు దగ్గరకు వెళ్లి, బల్ల నంబరు చెప్పి, డబ్బు కట్టి రావాలి. ఇది ఒక్కరోజులో అలవాటౌతుంది. "పేర్లతోనే చిక్కు, మామయ్యా" అంటాడు వాడు.

నిజమే. యార్క్‌షైర్ పుడ్డింగు తీపి కాదు. గుడ్లు, పాలు, పిండి కలిపి పొంగించి, ఆదివారం కాల్చిన మాంసంతో వడ్డిస్తారు. బ్లాక్ పుడ్డింగులో వుండేది పందినెత్తురు. షెపర్డ్స్ పై గొర్రెమాంసం. చూపుకు అచ్చం అలాగే వుండే కాటేజ్ పై గొడ్డుమాంసం. పోనీ మిఠాయి తిందామంటే, ఎండుద్రాక్ష వేసి ఆవిరిమీద వుడికించే పాతకాలపు పుడ్డింగుల్లో గొడ్డుకొవ్వు కలుపుతారు. చిప్స్ సైతం కొన్నిచోట్ల ఆ కొవ్వులోనే వేయిస్తారు.

గుడ్డు, పాలు, వేరుశెనగ మొదలైన 14 పదార్థాలు కొందరి ఒంటికి పడవు గనుక, అవి వంటలో వున్నదీ లేనిదీ చెప్పితీరాలని 2014 నుంచి అక్కడ చట్టం. ఆ జాబితాలో గొడ్డుకొవ్వు లేదు. కాబట్టి అది ముట్టనివాళ్లు మొహమాటపడక, డబ్బు కట్టకముందే అడగాలి. అడిగితే వంటింట్లో కనుక్కుని చెబుతారు.

శాకాహారులకు ప్లౌమన్స్ లంచ్ వుంది. రొట్టె, చీజు, ఊరగాయ. కొన్నిచోట్ల హామ్ ముక్క కూడా పెడతారు, వద్దనాలి. ఊరగాయ అన్నారు గదా అని ఆవకాయ అనుకోకండి. తియ్యగా వుంటుంది.