ఈసారి బండిని సర్దుకోమందాం!

"కొంచెం సర్దుకుపో తల్లీ" అనే మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఊళ్లలో ఉండదేమో. అత్తగారింట్లో సర్దుకుపోవాలి. ఆఫీసులో సర్దుకుపోవాలి. బస్సులో ముగ్గురి సీటులో నలుగురం సర్దుకోవాలి. ఆఖరికి మన జీతంతో కొనుక్కున్న బండి మీద కూడా మనమే సర్దుకోవాలా?

నారాయణఖేడ్ లాంటి చోట ఆడవాళ్లకు బండి సోకు కాదు, అవసరం. కంగ్టి, మనూరు, సిర్గాపూర్ వైపు పల్లెలకు, తండాలకు ఉద్యోగం మీద వెళ్లే టీచరో, ఏఎన్‌ఎమ్మో బస్సునే నమ్ముకుంటే పని సాగదు. స్కూటీ కొనుక్కున్నవాళ్లు కొందరు, ఇంట్లో ఉన్న మోటారు సైకిలే నడిపేవాళ్లు కొందరు.

వాళ్లు బండి ఆపినప్పుడు ఒకసారి గమనించండి. మునివేళ్ల మీద నిలబడి, ముందుకు వంగి, చేతులు బిగబట్టి ఉంటారు. కింద కంకర ఉంటే చాలు, కాలు జారుతుంది. వంద కిలోలు దాటిన బండి ఒరిగితే ఆపడం ఎవరి తరం? చూసినవాళ్లు మాత్రం "ఆడోళ్లకు బండెందుకు?" అని నవ్వేస్తారు. సాయంత్రానికి నడుము పట్టేసినా, మణికట్టు లాగినా మన బలహీనతే అనుకుంటాం. బండి కొలత సంగతి ఎవరికీ తోచదు.

లెక్క చూడండి. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు, పురుషులది దాదాపు 165. మామూలు 100 సీసీ మోటారు సైకిల్ సీటు నేలనుంచి 31, 32 అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఆయన పాదం ఆనేచోట మనకు వేళ్లే ఆనితే తప్పు ఎవరిది? జాకెట్టు అరంగుళం బిగిస్తే టైలరు దగ్గరికి పరిగెడతాం కదా, ప్రాణం మోసే బండికి ఆ మాత్రం ఆల్టరేషన్ వద్దా?

మెకానిక్‌ను అడిగితే "కంపెనీ ఫిట్టింగ్ గిట్లనే ఉంటదక్కా" అంటాడు. నమ్మకండి. సర్దుకునే వీలు చాలావరకు కంపెనీయే పెట్టింది. చాలా మోటారు సైకిళ్లలో వెనక స్ప్రింగులకు మెట్లు మెట్లుగా తిరిగే రింగు ఉంటుంది. రెండు వైపులా సమానంగా తగ్గిస్తే కూర్చున్నప్పుడు బండి కాస్త దిగుతుంది. వెనక మనిషినో మూటనో ఎక్కిస్తే మళ్లీ పెంచాలి. గొట్టం హ్యాండిల్ అయితే క్లాంపు బోల్టులు వదులు చేసి కొద్దిగా మనవైపు తిప్పవచ్చు. తిప్పాక రెండు పక్కలా చివరిదాకా మళ్లించి చూడాలి. కేబుళ్లు లాగకూడదు, చెయ్యి ట్యాంకుకు తగలకూడదు. బోల్టులన్నీ సమానంగా బిగించాలి. బ్రేకు, క్లచ్ లీవర్లు మణికట్టు వంచకుండా వేళ్లకు అందాలి.

స్కూటర్ హ్యాండిల్ అలా తిరగదు. అక్కడ సీటే దారి. సీటు కుట్టేవారితో ఫోమ్ కొద్దికొద్దిగా తీయించండి. ముందు భాగం సన్నగా చేయించినా కాలు నేలకు దగ్గరవుతుంది. మరీ తీయిస్తే మన రోడ్ల గుంతలకు నడుమే బలవుతుంది.

ఇదంతా చట్టవిరుద్ధమేమో అని భయం వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కాదనేది రిజిస్ట్రేషన్ వివరాలు మారేలా బండిని మార్చడాన్ని. హ్యాండిల్ కాస్త తిప్పడం, స్ప్రింగు సర్దడం ఆ కిందికి రావు. ఛాసిస్ జోలికి మాత్రం పోవద్దు.

చట్టం అంటే ఇంకొకటి గుర్తొస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా రక్షణ ఉండాలంటుంది. మన శారీ గార్డు అదే. మంచిదే. కానీ చీరకట్టుకున్న మనిషి వెనకే కూర్చుంటుందని అందరూ అనుకున్న రోజుల మాట అది. ఇప్పుడామె ముందు సీటులోకి వచ్చింది. కొలతలు ఆమెతో పాటు ముందుకు రాలేదు.

"ఇద్దరం నడిపే బండి కదా, నాకు ఇబ్బంది కాదా?" అని ఆయన అడగవచ్చు. పొడుగు మనిషికి సీటు ఒక అంగుళం తగ్గితే మోకాలు కాస్త ముడుచుకుంటుంది. పొట్టి మనిషికి ఒక అంగుళం ఎక్కువైతే బండి మీద పడుతుంది. సర్దుకుపోవడం ఆయనా కొంచెం నేర్చుకుంటే నష్టమేం లేదు.

కొత్త బండి కొనేటప్పుడు రంగు, మైలేజీతో పాటు ఇది కూడా చూడండి. రోజూ వేసుకునే బట్టలతో, చెప్పులతో ఎక్కి రెండు కాళ్లూ కింద పెట్టండి. అందకపోతే డబ్బు కట్టకముందే సర్దిపెట్టమని అడగండి. పాత బండి అయితే వచ్చే సర్వీసింగ్‌కు మీరే వెళ్లి, బండి మీద కూర్చుని, పక్కనే ఉండి చేయించుకోండి. ఆయనతో పంపిస్తే ఆయన కొలతకే వస్తుంది!