కుర్చీని మార్చేది గదే

అమెరికన్ కళాకారిణి ఎయిమీ సీగెల్ 2013లో తీసిన ‘ప్రావెనెన్స్’ వీడియోలో దాదాపు నలభై నిమిషాల పాటు వ్యాఖ్యానమే వినపడదు. న్యూయార్క్, లండన్, పారిస్ సంపన్నుల ఇళ్లలోని టేకు, పేము కుర్చీలతో మొదలై, వేలంశాల, ఫొటో స్టూడియో, మరమ్మతుల షెడ్డు, ఓడరేవు మీదుగా కథ వెనక్కి నడిచి చండీగఢ్ చేరుతుంది. ల కార్బూజియే రూపకల్పన చేసిన ఆ నగరపు ఆఫీసుల కోసం, ఆయన బంధువు పియర్ జెన్నరే ఆధ్వర్యంలో తయారైన కుర్చీలవి. అక్కడ గుమాస్తాలు వాటి మీదే కూర్చుని పని చేసుకుంటున్నారు. విరిగినవి గుట్టలుగా పడి ఉన్నాయి. పారిస్ హాలులోనూ చండీగఢ్ ఆఫీసులోనూ కెమెరా అదే నెమ్మదితో సాగుతుంది. కాబట్టి మారింది చెక్క కాదని, గది అని చూసేవాళ్లకే అర్థమవుతుంది. ఆఫీసు సామాను పోకుండా కుర్చీ వీపు మీద రంగుతో వేసిన అంకెలు వేలంలో అసలు సరుకని రుజువు చేసే గుర్తులయ్యాయి. ఆధునిక వాస్తుశిల్పం అందరి వాడుక కోసం చేసిన వస్తువు కొందరి ప్రదర్శన వస్తువుగా ఎలా మారిందో చెప్పడానికి ఆ అంకెలు చాలు.

ఇంత అందంగా తీసిన వీడియో కూడా వేలం కేటలాగు లాంటిదే కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్నను సీగెల్ దాటవేయలేదు. అదే ఏడాది అక్టోబరు 19న లండన్‌లోని క్రిస్టీస్‌లో ఈ వీడియోనే వేలానికి పెట్టి, ఆ వేలాన్ని ‘లాట్ 248’ పేరుతో చిత్రీకరించారు. తన కెమెరా కూడా సరుకు విలువ పెంచే మరో గదేనని అలా బయటపెట్టారు. ఇది నిజాయితీ గల పని. వ్యాపారులే కొనకపోతే ఆ కుర్చీలు చెదలు పట్టిపోయేవన్న వాదనలోనూ కొంత నిజముంది. 2011లో కేంద్ర హోంశాఖ అమ్మకాన్ని నిషేధించేనాటికే ఎన్నో కుర్చీలు విదేశాలకు వెళ్లిపోయాయి. కానీ ఆ వ్యాపారం కాపాడింది వస్తువును, జెన్నరే పేరును మాత్రమే. ఫర్నిచర్ రూపకల్పనలో పాలుపంచుకున్న ఊర్మిళా యూలీ చౌదరి పేరు చాలాకాలం వెనకే ఉండిపోయింది, వడ్రంగుల పేర్లయితే అసలే లేవు. వ్యాఖ్యానం లేని ఈ వీడియో కూడా ఆ లోటు తీర్చలేదు. దాని మౌనం మార్కెట్టును పట్టిచ్చినంత బలంగా పనివాళ్లను చూపించలేకపోయింది.

ఇలా పనివాళ్ల పేర్లు పోకుండా ఉండాలంటే, పాత సామాను కండెమ్ చేసే ముందు, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం చేశారో ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ స్టాక్ రిజిస్టరులో రాయించాలి.