కెనడీయత్వ మెక్కడనున్నది?

కెనడా పౌరసత్వ చట్టము 1947 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చెను. అంతకు పూర్వము కెనడావాసులు బ్రిటిషు ప్రజలుగనే పరిగణింపబడుచుండిరి. నాడు భారతీయులును ఆ రాజు ప్రజలే. ఒకే కిరీటము, ఒకే విధేయత. హక్కులు మాత్రము వేరు!

బ్రిటిషు కొలంబియా 1907లో మనవారి వోటును హరించెను. స్వదేశమునుండి నడుమ నెచ్చటను ఆగక వచ్చినవారికే ప్రవేశమని కెనడా ప్రభుత్వము 1908లో శాసించెను. అట్టి ప్రయాణము మనవారికి దుర్లభమని యెరిగియే శాసించెను. 1914లో కొమగాటమారు ఓడపై 376 మంది వాంకూవరు రేవు చేరిరి. కొలదిమందిని తప్ప తక్కినవారిని రెండు మాసములు నీటిపైననే నిలిపి వెనుకకు మరల్చిరి. కలకత్తా చెంత బజ్‌బజ్ రేవున వారికి లభించిన స్వాగతము తుపాకి కాల్పులు.

పరదేశీయుల మాట యటుండనిండు. ఆ నేల ఆదివాసులలో ఎల్లరకును, తమ చట్టబద్ధమైన హోదాను వదులుకొననక్కరలేకుండ, పార్లమెంటు ఎన్నికలలో వోటుహక్కు లభించినది 1960లో!

మరి కెనడీయత్వ మెక్కడనున్నది? జెండాలోనా? మేపులు ఆకు జెండా 1965లో ఎగిరినదే. భాషలోనా? ఆ దేశమునకు అధికారభాషలు రెండు. 2016 మే 18న ఆ దేశ ప్రధాని కొమగాటమారు అన్యాయమునకు పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. తలుపు మూసినది తామేయని యొప్పుకొనిన ఆ ధైర్యమున కెనడీయత్వము కొంత కానవచ్చుచున్నది. అయినను ఒప్పుకోలు ఆరంభమే గాని సమాప్తి కాదు. పౌరసత్వపు విలువ పత్రముమీది ముద్రలో లేదు. అందరికంటె బలహీనుడు ఆ గడపలో నిలిచినపుడు పొందు గౌరవములో నున్నది.

పొరుగువానిని తూచిన తక్కెడలో మనమును తూగవలెను గదా!