గట్టు మీది ఎరువు మూట

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా దుకాణాల ముందు చెప్పులు వరుసలో పెట్టి వంతు కోసం ఎదురుచూశారు. ఆ బస్తా తూకం 45 కిలోలు, అందులో నత్రజని 20 కిలోల పైచిలుకు. దాన్ని పొలం గట్టు మీది చెట్టూ ఇవ్వగలదు.

గిరిపుష్పం అలాంటి చెట్టు. గ్లైరిసీడియా అనీ అంటారు. తొలకరిలో కొమ్మ గుచ్చినా చిగురిస్తుంది. దాని వేళ్ల బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తుంది. చెట్టు మండలను నరికి దుక్కిలో కలిపితే ఆ నత్రజని పైరుకు చేరుతుంది. హెక్టారు పొలంలో 700 మీటర్ల గట్ల మీద దగ్గర దగ్గరగా పెంచితే, చెట్లు ఎదిగాక ఏటా సుమారు 30 కిలోల నత్రజని వస్తుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే దాదాపు ఒకటిన్నర బస్తాల యూరియా.

యూరియా ఇచ్చేది నత్రజని ఒక్కటే. ఆకు కుళ్లితే పొటాష్ కూడా వస్తుంది, సేంద్రియ కర్బనం పెరుగుతుంది, వానపాములు చేరతాయి, వాన నీరు ఇంకుతుంది. ఎండకు గట్టిపడే తెలంగాణ చల్కా నేలలకు ముందుగా కావలసింది ఇదే. పైగా గట్టున వేళ్లు పట్టిన చోట వరద మట్టిని కోసుకుపోలేదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. దమ్ము చేసిన మడిలో కానుగ మండలు తొక్కించిన తరం ఇంకా ఊళ్లలో ఉంది. జమ్మి కూడా నేలను సారవంతం చేసే చెట్టే. దసరా నాడు బంగారమని చేతిలో పెట్టే ఆకు దానిదే. తెలంగాణ రాష్ట్ర వృక్షమూ అదే. రాజస్థాన్ రైతులు జమ్మి చెట్లను చేలోనే ఉంచి సజ్జలు పండిస్తారు. వాటి కింది నేలలో సేంద్రియ పదార్థం, నత్రజని ఎక్కువ.

మరి మన గట్లు ఎందుకు బోసిపోయాయి? కౌలు రైతు మూడేళ్లకు ఎదిగే చెట్టును ఏ ధీమాతో నాటతాడు? సొంత పొలమున్నవాడికీ నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతుల భయం. పొలాల్లో చెట్ల పెంపకానికి దేశం 2014లోనే జాతీయ విధానం తెచ్చుకుంది. అది గట్టు దాకా రావాలి.

దాన్ని గట్టు దాకా తేవలసినవాళ్లు హైదరాబాద్ నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే ఉన్నారు. ఉద్యానశాఖ రాష్ట్ర కార్యాలయం అందులోనే, శాసనసభ ఆ పక్కనే. ఈ మార్పు అక్కడ మొదలుకావాలి. ఎరువు కోసం పెంచే చెట్ల మండలు కొట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదని స్పష్టంగా ప్రకటించాలి. నాటే కూలిని గ్రామీణ ఉపాధి పనుల్లో చేర్చాలి. నాటిన కౌలు రైతుకు నేరుగా ప్రోత్సాహకం ఇవ్వాలి. యూరియా రాయితీకి కేంద్రం పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది భారమేమీ కాదు.

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా సాధారణంగా జనవరి 1న నుమాయిష్ ప్రదర్శన మొదలవుతుంది. ఈసారి ఆ మైదానంలో వ్యవసాయ శాఖ ఒక నమూనా గట్టు వేసి, గిరిపుష్పం మండ కలిపిన మట్టినీ, కలపని మట్టినీ పక్కపక్కనే ఉంచాలి. రైతు రెండింటినీ పిడికిట పట్టి తేడా చూసుకుంటాడు.