ఎడారి సరస్సులో నాలుగు రోజులు

"నీళ్ల మీద పడుకోవడమేందిరా? భూమ్మీద చోటు లేదా?"

మా తమ్ముడు ఫోన్లో హౌస్‌బోటు సంగతి చెప్పగానే నాన్న అన్న మొదటి మాట అది. తమ్ముడు అమెరికాలో, ఫీనిక్స్‌లో ఉంటాడు. 2023 వేసవిలో నేనూ, మావారూ నాన్నని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాం. ఎనభై ఏళ్ల మనిషిని కొండలూ గుట్టలూ ఎక్కించలేం. డిస్నీలాండ్‌ చూపిద్దామంటే ఆయనకి అలాంటివి పట్టవు. అందుకని మా మరదలు ఓ ఉపాయం కనిపెట్టింది. లేక్‌ పావెల్‌లో నాలుగు రోజులు పడవ అద్దెకు తీసుకుంటే ఇల్లే కదులుతుంది, మావయ్యగారు కుర్చీలో కూర్చునే అన్నీ చూడొచ్చు అంది. నాన్న ఇంకేమీ అనలేదు. ఆయన మౌనాన్ని మేం ఒప్పుకోలు కింద జమకట్టేశాం.

ఫీనిక్స్‌ నుంచి పేజ్‌ అనే ఊరికి దాదాపు 280 మైళ్లు. దారిలో ఫ్లాగ్‌స్టాఫ్‌ దగ్గర పైన్‌ చెట్ల అడవి వస్తుంది. అది దాటాక చెట్టూ చేమా ఉండదు. ఎర్రమట్టి, రాళ్లు, అక్కడక్కడా తుప్పలు, అంతే. ఆ ఎరుపుని గంటల తరబడి చూసీ చూసీ కళ్లు అలిసిపోయాక, ఒక్కసారిగా కింద నీలం రంగు కనిపించింది. ఎవరో ఎర్ర చీర మీద నీలం సిరా ఒలకబోసినట్టు. పిల్లలు కేకలు పెట్టారు. నాన్న మాత్రం కారద్దంలోంచి చూసి, "ఏ నదిమ్మా ఇది?" అని అడిగారు.

కొలరాడో నది. దాని మీద గ్లెన్‌ క్యానియన్‌ డ్యాం కట్టి 1963 మార్చిలో గేట్లు మూశారు. 710 అడుగుల ఎత్తు, అంటే మన శ్రీశైలం డ్యాం కన్నా ఎత్తే. సరస్సు నిండా నిండడానికి 17 ఏళ్లు పట్టి, 1980లో తొలిసారి అంచు తాకింది. నిండితే పొడవు 186 మైళ్లు. కొండల సందుల్లోకి వేళ్లలా చొచ్చుకుపోయిన పాయలన్నీ కలిపి ఒడ్డు కొలిస్తే 1,960 మైళ్లు. మన ఆంధ్ర సముద్రతీరానికి దాదాపు మూడింతలన్నమాట! పేజ్‌ ఊరు కూడా డ్యాం కట్టే కూలీల కోసం 1957లో వెలిసిందే.

హౌస్‌బోటు అంటే నేను కేరళలో చూసినదాన్ని ఊహించుకున్నాను. తడకల కప్పు, నడపడానికి ఇద్దరు, వండిపెట్టడానికి ఒకరు. ఇక్కడ అవేం లేవు. రేవులో నిలబడి ఉన్నది ఇనుప తెప్ప మీద పెట్టిన రెండు పడగ్గదుల ఫ్లాటులా ఉంది. వంటగది, ఫ్రిజ్‌, స్నానాలగది, డాబా, డాబా మీంచి నీళ్లలోకి జారుడుబల్ల. డ్రైవర్‌ ఎవరయ్యా అంటే మా తమ్ముడే! గంటసేపు పాఠం చెప్పి తాళంచెవి చేతిలో పెట్టారు.

ఆ పాఠంలో ఒక మాట దగ్గర మాత్రం చెప్పే అమ్మాయి నవ్వు ఆపేసింది. ఇంజనుగానీ, జనరేటర్‌గానీ నడుస్తున్నప్పుడు పిల్లల్ని పడవ వెనకవైపు ఈదనివ్వొద్దంది. ఆ పొగలో ఉండే కార్బన్‌ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగుండదు. 2000 ఆగస్టులో ఇదే సరస్సులో ఇద్దరు చిన్న అన్నదమ్ములు అలాగే పడవ వెనక ఈదుతూ చనిపోయారు. ఆ తర్వాతే పడవల్లో పొగ గొట్టాలు ఎటు పెట్టాలన్న దాని మీద పరిశోధనలు జోరందుకున్నాయి. మా మరదలు అప్పటికప్పుడు జనరేటర్‌ వేసే వేళలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

హౌస్‌బోటు వేగం ఎంతనుకున్నారు? మన ఊళ్లో సైకిల్‌ తొక్కే కుర్రాడు దాన్ని దాటేస్తాడు. అదే దాని అందం. రెండువైపులా ఎర్రటి ఇసుకరాతి గోడలు మెల్లగా వెనక్కి జరుగుతుంటాయి. సరస్సు అరిజోనాలో మొదలై యూటాలోకి వెళ్తుంది. వేసవిలో ఆ రెండింటి గడియారాలకీ గంట తేడా. సెల్‌ఫోన్‌ ఒకసారి పదకొండంటుంది, మలుపు తిరగ్గానే పన్నెండంటుంది. మధ్యాహ్నం భోజనం మేం రెండుసార్లు వాయిదా వేసుకున్నాం, ఒకసారి ముందే చేసేశాం. పొద్దున ఉగ్గాణీ, రాత్రికి పులిహోర. బొరుగులు ఫీనిక్స్‌లోని మనవాళ్ల కొట్లో కొన్నవే. కర్నూలువాళ్లం, ఏ సరస్సు మీదున్నా ఉగ్గాణి పక్కన మిరపకాయ బజ్జీ పడాల్సిందే.

నాన్న ముందువైపు కుర్చీలో కూర్చుని ఆ గోడల్నే చూస్తున్నారు. ఎర్రరాయి మీద, నీటిమట్టం నుంచి నూరడుగులకు పైగా ఎత్తు వరకూ తెల్లటి చార. ఎటు చూసినా అదే, స్కేలు పెట్టి గీసినట్టు.

"సున్నం వేశారా తాతయ్యా?" అన్నాడు మా మేనల్లుడు. వాడికి తొమ్మిదేళ్లు.

"కాదురా. నీళ్లు ఆడిదాకా ఉండె. దిగిపోయినాయి" అన్నారు నాన్న.

ఎవరూ చెప్పకుండానే కనిపెట్టారు. నీళ్లలోని ఖనిజాలు రాయికి పట్టి మిగిలిన చార అది. 2000 నుంచీ అక్కడ కరవు. 2023 ఫిబ్రవరిలో సరస్సు నిండిన తర్వాత ఎన్నడూ లేనంత కిందికి దిగిపోయింది. ఇంకో 30 అడుగులు దిగితే కరెంటు తయారీ ఆగిపోతుందన్నంత దగ్గరికొచ్చింది. కొలరాడో నీళ్ల మీద ఏడు రాష్ట్రాల్లో, మెక్సికోలో కలిపి సుమారు నాలుగు కోట్ల మంది ఆధారపడి ఉన్నారు. తమాషా ఏమిటంటే, ఈ సరస్సుకి పేరిచ్చిన జాన్‌ వెస్లీ పావెల్‌ ఈ మాట ఎప్పుడో చెప్పాడు. అంతర్యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్న మనిషి. 1869లో పడవల మీద ఈ నదిని చూసొచ్చాడు. ఈ పడమటి నేలంతా తడపడానికి సరిపడా నీళ్లు లేవని 1893లో ఒక సభలో చెబితే జనం గేలి చేశారట. ఆయన పేరే ఈ సరస్సుకి పెట్టారు!

సాయంత్రం ఒక ఇసుక ఒడ్డుకి పడవ ముక్కుని ఆనించి, ఇసుకలో గోతులు తవ్వి లంగర్లు పాతిపెట్టాం. రాత్రిపూట గాలి లేస్తే పడవ పక్కకి తిరిగి రాళ్లకి కొట్టుకుంటుంది. అందుకే ఆ గోతులు తవ్వే పనిలో బద్ధకించకూడదు. మావారూ, తమ్ముడూ చెమటలు కక్కుతూ తవ్వుతుంటే, పిల్లలు నీళ్ల అంచున వరసగా రాళ్లు పేర్చారు. పొద్దున్నే ఆ రాళ్ల దగ్గర ఇసుక గుడి కడతారట.

తెల్లారి లేచి చూస్తే రాళ్లు లేవు. నీళ్లలో ఉన్నాయి. ఆ ఏడు కొండల మీద మంచు బాగా కురిసి కరగడంతో సరస్సు రోజూ కొంచెం కొంచెం పెరుగుతోంది. అంగుళాల లెక్కే, కానీ ఏటవాలు ఇసుక మీద అదే బారెడు లోపలికొస్తుంది. పిల్లలకి మహా సరదాగా ఉంది. మళ్లీ పేర్చారు, మధ్యాహ్నానికి మొదటి రాయి తడిసింది. చప్పట్లు కొట్టారు.

నాన్న చేతికర్ర పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు.

"నేనూ ఇట్లనే కట్టెలు పాతేవాణ్ణి" అన్నారు.

మాది కృష్ణ ఒడ్డు ఊరు. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో మునిగిపోయింది. కర్నూలు, మహబూబ్‌నగర్‌ జిల్లాల్లో అలా వంద దాకా ఊళ్లు పోయాయి. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు, తమ్ముడు ఇంకా చిన్నవాడు. మమ్మల్ని ముందుగానే నంద్యాలలో అమ్మమ్మ వాళ్లింటికి పంపేశారు. ఆ చివరి రోజుల్లో ఊళ్లో ఏం జరిగిందో నాన్న మాకెప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. నలభై రెండేళ్ల తర్వాత, అమెరికాలో ఒక ఇసుకదిబ్బ మీద, తొమ్మిదేళ్ల మనవడికి చెప్పారు.

"పొద్దున వీధి చివర కట్టె పాతేది. సాయంత్రానికి మునిగేది. మళ్లీ ఇంకోటి, ఇంటివైపు. అందరూ తలుపులు, దూలాలు ఊడబెరుక్కుని బండ్లకెత్తినారు. మా అమ్మ మాత్రం ఆ పొద్దు కూడా వాకిలి ఊడ్చి, కల్లాపి జల్లి, ముగ్గేసింది. ఎందుకమ్మా అంటే, నీళ్లైనా ఇంటికొచ్చే చుట్టమే గదరా అనింది."

పిల్లలు చప్పట్లు ఆపేశారు. పన్నెండేళ్ల మేనకోడలు నెమ్మదిగా అడిగింది, "మీకు కోపం రాలేదా తాతయ్యా?"

నాన్న కాసేపు ఆలోచించారు. "నీళ్లు వద్దని కాదు పాపా. ఆ నీళ్లతో కరెంటొచ్చె, యాడనో పంటలు పండె, మద్రాసోళ్లు తాగిరి. మంచిదే. ఆడ ఒక ఊరుండె అని ఒక్కరన్నా చెప్పుకోవాల. అంతే."

మరి ఇక్కడి నీళ్ల కింద ఏముందని అడిగింది పిల్ల. ఆ రాత్రి డాబా మీద పడుకుని, రేవులో కొన్న పుస్తకం టార్చిలైటు వేసుకుని చదువుకున్నాం. మన దగ్గరిలా వరసగా ఊళ్లు లేవు. నది రేవు దగ్గర హైట్‌ అనే చిన్న పల్లె ఉండేది, అది మునిగింది. కానీ అంతకు వెయ్యేళ్ల కిందటి ఆదివాసుల రాతి ఇళ్లూ, ధాన్యం గాదెలూ, గోడల మీద చెక్కిన బొమ్మలూ చాలా ఉండేవి. నీళ్లు రాకముందే చూసి రాసుకోవాలని పురావస్తు పరిశోధకులు 1950ల చివర్నుంచి పరుగులు పెట్టి, రెండు వేలకు పైగా చోట్లను నమోదు చేశారు. డేవిడ్‌ బ్రోవర్‌ అనే పర్యావరణ ఉద్యమకారుడు ఈ డ్యాంని అడ్డుకోలేకపోయానని బతికినంతకాలం బాధపడ్డాడు. ఇప్పుడు నీళ్లు తగ్గినప్పుడల్లా మునిగిన లోయలు కొన్ని బయటపడుతున్నాయి. 'కెథెడ్రల్‌ ఇన్‌ ది డెజర్ట్‌' అనే రాతి గుహలాంటి చోటు 2005లో తేలింది, లోపలి జలపాతంతో సహా.

మూడోరోజు, హౌస్‌బోటు వెంట కట్టుకొచ్చిన చిన్న పడవలో రెయిన్‌బో బ్రిడ్జికి వెళ్లాం. ఇంద్రధనుస్సులా వంగిన సహజ శిల. 290 అడుగుల ఎత్తు, 275 అడుగుల వెడల్పు. మన చార్మినార్‌ని తీసుకెళ్లి దాని కింద నిలబెట్టొచ్చు. నవాహోలకీ, చుట్టుపక్కల ఇతర తెగలకీ అది పవిత్ర స్థలం. సరస్సు నీళ్లు దాని కిందికి చేరాయని నవాహో పెద్దలు కొందరు 1970ల్లో కోర్టుకెక్కారు. గెలవలేదు. కిందినుంచి నడవొద్దని అధికారులు ఇప్పుడు యాత్రికులకి విజ్ఞప్తి చేస్తారు. పడవ దిగాక నాన్న ఎండలో కొంతదూరమే రాగలిగారు. దూరంగా ఒక రాయి మీద కూర్చుని, అక్కణ్నుంచే దండం పెట్టుకున్నారు. "ఏ దేవుడో నాకు తెలీదు. ఈయన కాళ్లకాడికి గూడా నీళ్లొచ్చినాయి గదా" అన్నారు, మా సంగమేశ్వరుణ్ని తలుచుకుని.

అక్కడ మీ బంధువులెవరైనా ఉండి, మీరూ వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. అద్దె తక్కువేం కాదు, రెండు మూడు కుటుంబాలు కలిస్తే నయం. జూన్‌లోనే ఎండ మాడ్చేస్తుంది. జులై, ఆగస్టుల్లో ఉన్నట్టుండి వానలు పడి ఇరుకు పాయల్లోకి వరద దూకుతుంది. పిల్లలకి లైఫ్‌జాకెట్‌ విప్పనివ్వకండి. ఒడ్డున చెత్తగానీ, మలమూత్రాలుగానీ వదలకూడదు, పడవలోనే తొట్టి ఉంటుంది. క్వాగా అనే ఆల్చిప్పల బెడద ఉంది కాబట్టి సొంత పడవలైతే కడిగి, నీళ్లు వంపి, ఆరబెట్టాకే వేరే చెరువుకి తీసుకెళ్లాలి. నీటిమట్టం ఏటా మారిపోతుంది. ఏ రేవు పనిచేస్తోందో, ఎంత దూరం నడవాలో ముందుగా కనుక్కోండి.

మరుసటి ఏడు, 2024 వేసవి సెలవులకి తమ్ముడి కుటుంబం ఇండియా వచ్చింది. ఎప్పుడూ హైదరాబాద్‌లో షాపింగ్‌తో సరిపోయేది. ఈసారి పిల్లలే పట్టుబట్టి సంగమేశ్వరం వెళ్దామన్నారు. సప్తనదుల సంగమంలోని ఆ గుడి ఏడాదిలో ఎక్కువకాలం శ్రీశైలం నీళ్ల కిందే ఉంటుంది, వేసవిలో నీళ్లు దిగితేనే బయటపడుతుంది. నాన్న ఏటా వెళ్లేవారే, ఒక్కరే. ఆ ఏడు ఆయన వెంట ఆరుగురం ఉన్నాం.

దర్శనమయ్యాక మేనల్లుడు నాన్న చెయ్యి పట్టుకుని అడిగాడు, "మన ఇల్లెక్కడ తాతయ్యా?"

నాన్న చేతికర్ర ఎత్తి నీళ్లవైపు చూపించారు. కొంచెం ఇటు, ఇంకొంచెం అటు జరిపి, ఒకచోట ఆపారు.

"అదిగో, ఆడ."

మాకక్కడ నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. వాడు మాత్రం ఆ చోటునే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.